కొత్త బావి పేరున రాసిన చమురు

కొత్త చమురు బావి మొదటి నెల లెక్క చూసి సంబరపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది ఇవాళ్టి మంట కాదు, ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అంటుకుంది. చాలాకాలం లోపలే దాచుకున్నాను. అది బయటికి ఎలా వచ్చిందో, వచ్చి ఏం ఒరగబెట్టిందో చెప్తాను.

మా ఆఫీసు హైటెక్ సిటీలో. బావులు మాత్రం సముద్రాల అవతల ఎక్కడో ఎడారిలో. వాళ్ళు అక్కడ తవ్వుతారు, మేం ఇక్కడ చదువుతాం. ఏ బావి నిన్న ఎంత చమురు ఇచ్చింది, ఎంత నీరు వచ్చింది, బావి మూతి దగ్గర ఒత్తిడి ఎంతుంది అని పొద్దున్నే రిపోర్టు వస్తుంది. దాన్ని చూసి ఆ బావి రేపు ఎలా ఉంటుందో, వచ్చే ఏడాది ఎలా ఉంటుందో చెప్పాలి. మా అంతస్తులో చమురు బావిని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. హఫీజ్‌పేటలో మా పక్కింట్లో ఉండే చిన్నమ్మ ఇప్పటికీ నేను పెట్రోలు బంకుల లెక్కలు రాస్తాననే అనుకుంటుంది. "బిడ్డా, రేటు ఎప్పుడు తగ్గుతదే?" అని అడుగుతుంది. నేనూ విసుగొచ్చి "వచ్చే వారం చిన్నమ్మా" అనేస్తాను.

నాది కొత్త బావుల డెస్క్. కొత్త బావి అంటే అందరికీ ముద్దే. ముందు భూమి లోపలి రాయిని పగలగొట్టడానికి నీళ్ళు కొడతారు, మొదట్లో ఆ నీళ్ళే తిరిగొస్తాయి. ఆ తర్వాత పగుళ్ళలో సిద్ధంగా ఉన్న చమురు ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. పైనున్న వాల్వు బార్లా తెరిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ ఉధృతి చూసి బావి సత్తా చెప్పడమంటే, మూత తీయగానే పొంగే సోడాను చూసి సీసాలో ఎంతుందో చెప్పడమే. పొంగు చల్లారాక ఏం మిగిలింది, ఎంత వేగంగా తగ్గుతోంది, ఒత్తిడి నిలబడుతోందా అన్నవి చూడాలి. ఎవడు చూస్తాడు! మొదటి అంకె పెద్దగా ఉంటే చాలు, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు.

మా మేనేజర్ గారైతే నిజంగానే ఊరేగించేవారు. గోదావరి జిల్లా మనిషి, మాట మొదట్లో 'అమ్మా', చివర 'అండి'. కొత్త బావిలో చమురు పడిందంటే ఆయన ఆ రిపోర్టును ప్రింటు తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, చమురు అంకె పక్కన కుంకుమ బొట్టు పెట్టి, పాంట్రీలో లక్ష్మీదేవి పటం ముందు పెట్టేవారు. తర్వాత అందరికీ లడ్డూలు. దసరాకు కంప్యూటర్లకు బొట్లు పెట్టే ఊరు మాది, ఇందులో వింతేమీ లేదు. నేనూ దండం పెట్టుకుని లడ్డూ తిన్నదాన్నే. చిక్కల్లా ఒక్కటే, బొట్టు పెట్టిన అంకెను ఎవరూ తగ్గించకూడదు. తగ్గిద్దామంటే "పూజ చేసిన నెంబరమ్మా అది, అశుభం మాట్లాడకండి" అనేవారు. నవ్వుతూనే అనేవారు, తగ్గించనిచ్చేవారు మాత్రం కాదు.

నా పక్క సీటు అక్కది. అక్క అంటే తోడబుట్టింది కాదు. ఆఫీసులో అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటారు గానీ, నేను చేరిన మొదటిరోజే ఆమెను "అక్కా" అన్నాను, ఆమె "ఏందే?" అంది. అంతే, అదే ఖాయమైపోయింది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి ఇంజనీరింగ్ చదివి, మా ఆఫీసు తలుపులు తెరిచిన నాటి నుంచి ఉన్న మనిషి. పాత బావుల డెస్క్ ఆమెది. డెస్క్ అని పెద్ద పేరే గానీ ఉన్నది ఆమె ఒక్కతే. వాళ్ళాయనకు లింగంపల్లి స్టేషను దగ్గర జిరాక్సు దుకాణం ఉండేది, అది నడిచినన్నాళ్ళు నడిచి చతికిలబడింది. ఇల్లు అక్క కొలువు మీదే నడిచేది. ఆ వయసులో ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో కొలువు దొరకడం ఎంత కష్టమో మా ఇద్దరికీ తెలుసు.

తన బావులను ఆమె 'మా ముసలోళ్లు' అనేది. నా కొత్త బావులకు ఆమె పెట్టిన పేరు కొత్తల్లుడు.

"ఏమే, మీ కొత్తల్లుడు లేసిండా? ఎంత పోసిండు ఇయ్యాల?" అనేది నేను బ్యాగు పెట్టకముందే.

"మస్తు పోసిండక్కా. మీ ముసలోళ్లెట్లున్నరు?"

"ఉన్నరే, ఉన్నంతల ఇంతింత పోస్తున్నరు. ఆళ్లకు బొట్లున్నయా, లడ్డూలున్నయా?"

అలా నవ్వుకుంటూ ఉండగా, అక్క పాత బావుల మధ్యలోనే ఒక కొత్త బావి తవ్వారు. మొదటి అంకె వచ్చింది. సార్ మొహం వెలిగిపోయింది. పసుపూ, కుంకుమా, లడ్డూలూ అన్నీ అయ్యాయి.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఒక్కో బావి చమురును రోజూ విడివిడిగా కొలవరు. చుట్టుపక్కల బావుల చమురంతా కలిసి ఒకే చోటికి చేరుతుంది, అక్కడ మొత్తంగా కొలుస్తారు. ఆ మొత్తాన్ని మళ్ళీ కాగితం మీద బావులకు పంచుతారు. ఎవరి వాటా ఎంత అంటే, అప్పుడప్పుడు ఒక్కో బావిని విడిగా పారించి టెస్టు చేస్తారు, ఆ టెస్టులో వచ్చినదాన్ని బట్టి వాటా. మళ్ళీ టెస్టు చేసేదాకా ఆ వాటానే నడుస్తుంది. మరి ఈ కొత్తల్లుడికి టెస్టు ఎప్పుడు చేశారు? మొదటి వారంలోనే, వాల్వు బార్లా తెరిచి, పొంగు మీదున్నప్పుడు. సార్ బొట్టు పెట్టింది ఆ అంకెకే.

మొదటి నెల గడిచింది, కొత్త బావి లెక్క పెద్దగా తగ్గలేదు. తర్వాతి నెల కూడా అంతే. ఆఫీసంతా పండగ. ఇలాంటి బావిని తమ సర్వీసులోనే చూడలేదని ఆ బావుల సొంతదారులు, అదే మా క్లయింటు వాళ్ళు మెయిళ్ళు పెట్టారు, సార్ వాటిని అందరికీ పంపారు. అదే సమయంలో అక్క బావులు ఒక్కొక్కటీ పడిపోవడం మొదలైంది. అక్క మధ్యాహ్నం డబ్బా తెరిచి కూడా అన్నం కెలుకుతూ కూర్చునేది.

"రాయి పగలగొట్టినప్పుడు మా ముసలోళ్లకు గూడ లోపల దెబ్బ తాకినట్టున్నదే," అంది ఒకరోజు. "సార్ పిలిచిండు పొద్దున. క్లయింటు ఈ బావులు మూసేద్దామంటున్నరంట. అవి మూస్తే ఈ డెస్క్ ఎందుకు, నేనెందుకు?"

"గట్ల అన్నడా సార్?"

"గట్లనే అనలే. 'ఏదో ఒకటి చూద్దామమ్మా' అన్నడు. ఏం జూస్తడో నాకెరుకలేదా?"

నేను డబ్బా మూసేశాను. ఆ మధ్యాహ్నం నా రిపోర్టులూ ఆమె రిపోర్టులూ పక్కపక్కన తెరిచి కూర్చున్నాను. మొదట కొత్త బావి ఒత్తిడి చూశాను. మొదటి వారం నుంచి జారిపోతూనే ఉంది, మామూలుగా కాదు, దబాదబా పడిపోయింది. ఒత్తిడి అంతలా పడితే చమురు కూడా పడాలి. చమురు మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది! నా బుర్ర అక్కడ ఆగింది. కుర్చీ జరుపుకుని అక్కను పిలిచాను. ఆమె తన బావుల వరసలు ఒక్కొక్కటే వేలుతో చూపిస్తూ వచ్చి, హఠాత్తుగా ఆగిపోయింది.

"ఇది జూడు. ఇంకోటి జూడు. అన్నీ ఒకటే తీరుగ పడ్డయ్," అంది. "ఒక్కొక్కడు ఒక్కో తీరు మనిషే వీళ్లు. అందరికీ ఒకటే దినం, ఒకటే కొలత జరం వస్తదా? దెబ్బ తాకితే పక్కనున్నోడికి ఎక్కువ తాకాలె, దూరమున్నోడికి తక్కువ తాకాలె."

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. కొత్త బావి ఎప్పుడో చల్లారిపోయింది. వాటా మాత్రం పొంగు మీదున్నప్పటి వాటానే. రోజూ వచ్చే మొత్తంలోంచి ముందు ఆ కొత్తల్లుడికి విస్తరి నిండా వడ్డించి, మిగిలింది ముసలోళ్లకు తలా కొంచెం గీకి పెడుతున్నారు. భూమి లోపల పాత బావులు ఎప్పటిలాగే పోస్తున్నాయి. వాటి చమురు కొత్త బావి పేరున రాస్తున్నారు, అంతే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నేరుగా సార్ గదిలోకి వెళ్ళాను. అక్క వెనక నుంచి "జర నిమ్మలంగ మాట్లాడు" అంటూనే ఉంది.

"సార్, కొత్త బావికి ఒక్కరోజు మళ్ళా టెస్టు చేయమని అడగండి. విడిగ పారిస్తే తెలిసిపోతది."

"ఎందుకమ్మా ఇప్పుడు? బంగారంలాంటి బావి కదా."

"బంగారం గాదు సార్. ప్రెషర్ చూడండి, ఎంత పడ్డదో. ఆయిల్ మాత్రం గట్లనే ఉన్నది. అది దాని ఆయిల్ గాదు, పక్క బావులది."

సార్ స్క్రీను వైపు చూశారు. నిజం చెప్పాలంటే ఆయనకు ఒక్క నిమిషంలోనే అర్థమైంది, ఆ మొహం నేను చూశాను. కానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"చూడండమ్మా, క్లయింటు ఆ నెంబరు వాళ్ళ పెద్దవాళ్ళందరికీ చెప్పేసుకున్నారండి. ఇప్పుడు మనం వెళ్ళి కాదంటే వాళ్ళ పరువేం కావాలి, మన పరువేం కావాలి? అయినా మీది కొత్త బావుల డెస్క్ కదండీ. మీ బావి బాగుంది. మీకేంటి బాధ?"

"నా బావి బాగలేదు సార్! గదే జెప్తున్న!"

ఎంత గట్టిగా అరిచానంటే బయట అంతస్తంతా తలలు తిప్పింది. సార్ మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "ముందు కొంచెం నీళ్ళు తాగండమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకే నాకు ఇంకా మండింది. నీళ్ళు ముట్టకుండా బయటికొచ్చాను.

వారానికోసారి ఆ ఎడారిలో పనిచేసే ఇంజనీరుతో మాకు ఫోను మీటింగు ఉంటుంది. అందులో మాట్లాడేది సార్, మేం వింటాం. ఆ వారం సార్ 'ఇంకేమైనా ఉందా' అని ముగించబోతుంటే నేను మధ్యలో దూరి, ఆ బావిని ఒక్కరోజు విడిగా పారించి కొలవగలరా అని అడిగేశాను. సార్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అవతలి మనిషికి మాత్రం ఇదేమంత పెద్ద విషయం కాలేదు. తప్పకుండా చేస్తాను, ముందే అడిగి ఉంటే ముందే చేసేవాణ్ణి, ఎవరూ అడగలేదు కదా అన్నాడు. ఎవరూ అడగలేదట! ఒక మనిషి కొలువు ఊగిసలాడుతోంది, దానికి కావలసింది ఒక్క ప్రశ్న.

టెస్టు ఫలితం వచ్చింది. కాగితం మీద ఉన్నదాంట్లో సగం కూడా రాలేదు. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని అక్క సీటు దగ్గరికి పరిగెత్తాను. సీటు ఖాళీ. హెచ్‌ఆర్ గదిలో ఉందన్నారు. అక్కడికి వెళ్ళేసరికి ఆమె తలుపు తీసుకుని బయటికి వస్తోంది, చేతిలో కవరు, మెడలో ఐడీ కార్డు లేదు. పోయిన నెలల లెక్కలు చూసి క్లయింటు నిర్ణయం తీసుకున్నారట, పాత బావుల డెస్క్ ఎత్తేశారట. ఫలితం అప్పుడే వచ్చిందని నేను ఆ హెచ్‌ఆర్ అమ్మాయికి స్క్రీను చూపించాను. నిర్ణయం ముందే అయిపోయింది, తన చేతుల్లో ఏం లేదు అని ఆ అమ్మాయి తల దించుకుంది.

అక్క నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని అక్కడే నిలబడి అంకె చదివింది.

"జెప్పలే? మా ముసలోళ్లు మంచిగనే ఉన్నరు," అంది. ఆమె మొహంలో ముందు కనబడింది సంతోషమే. కొలువు పోయిన కవరు చేతిలో పెట్టుకుని ఆ మనిషి తన బావులు బాగున్నాయని సంతోషపడింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సార్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. వాటా మారుస్తామన్నారు, వచ్చే నెల నుంచి. మరి అక్క సంగతేంటి అంటే "అది వేరే విషయమండి, దాన్నీ దీన్నీ కలపకండి" అన్నారు. పాత బావులు మూయడం మాత్రం ఆపారు. వాటిని చూసే పని నా డెస్క్‌కు కలిపారు, ఎవరో ఒకరు చూడాలి కదా. అక్క బావులన్నీ నా స్క్రీను మీదికి వచ్చాయి. ఆమె పెట్టుకున్న రంగులు, ఆమె పెట్టుకున్న వరస, అన్నీ అలాగే ఉన్నాయి. నేను వాటిని మార్చలేదు.

తర్వాతి నెల రిపోర్టులో పాత బావులన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. లేస్తాయి మరి, వాటి చమురు వాటి పేరున రాశారు కాబట్టి. నేల లోపల చుక్క పెరగలేదు, చుక్క తగ్గలేదు. కొత్త బావి లెక్క పడింది, దానికి 'సహజమైన తగ్గుదల' అని రాసుకున్నారు. క్లయింటు పరువూ దక్కింది, మన పరువూ దక్కింది.

కొన్నాళ్ళకు కోకాపేటలో ఒక పెద్ద హాల్లో ఆఫీసు మీటింగు పెట్టారు. క్లయింటు వాళ్ళు స్క్రీను మీద ఉన్నారు. సార్ ఒక గ్రాఫు చూపించారు. పాత బావుల గీత దిగుతూ దిగుతూ వచ్చి, ఒకచోట నిలువుగా పైకి లేచింది. "రెండు డెస్కులూ కలిపిన తర్వాత వచ్చిన మార్పు ఇది" అని, నా పేరు చదివి వేదిక మీదికి పిలిచారు. నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. భుజాల మీద శాలువా కప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొలువు తీసిన చోట గీత లేచిందని నాకు శాలువా! నేను మైకు గుంజుకున్నాను.

అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే చెప్పాను. ఈ బావులు పడిపోనూ లేదు, లేవనూ లేదు. వీటి చమురును కొన్ని నెలలు వేరే బావి పేరున రాశాం, ఇప్పుడు మానేశాం. వీటిని చూసుకున్న మనిషిని ఆ తప్పుడు లెక్క చూపించి పంపించేశాం. చివరిదాకా చెప్పాను. స్క్రీను మీద ఉన్న క్లయింటు మేడం కాస్త ముందుకు వంగి, అయితే మొత్తం చమురు లెక్క మారలేదు కదా అని అడిగింది. మారలేదన్నాను. "ఓ, గుడ్," అంది ఆమె ఊపిరి పీల్చుకుని. తర్వాతి స్లయిడు వేశారు.

ఎవరికీ నా మీద కోపం కూడా రాలేదు. అదే నాకు కోపం. గొడవ చేస్తే ఉద్యోగం పీకేస్తారనుకున్నాను, అలాంటిదేమీ లేదు. సాయంత్రం టీ దగ్గర ఇద్దరు ముగ్గురు వచ్చి బాగా మాట్లాడావని భుజం తట్టారు కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. కోకాపేటలోనే ఇంకో కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారట, మాటలన్నీ బాగా జరిగాయట, చేరడమెప్పుడో కూడా అడిగారట. చివరకు పాత ఆఫీసుకు ఫోను చేసి కనుక్కున్నాక వద్దన్నారట. నేను ఫోను కట్ చేయకుండా పట్టుకునే సార్ గదిలోకి వెళ్ళాను.

"వాళ్ళకేం జెప్పిండ్రు సార్ అక్క గురించి?"

"మంచి మనిషనే చెప్పానమ్మా, ఒట్టు. పని గురించి అడిగారండి. చివరి నెలల్లో ఆవిడ బావులు తగ్గాయి, తర్వాత వేరే వాళ్ళు తీసుకున్నాక పెరిగాయి అన్నాను. రికార్డులో ఉన్నదే చెప్పాను కదండీ, అబద్ధమేం చెప్పలేదు."

"ఆ రికార్డు తప్పని మీకెరుకలేదా? ఆ నెలలు దిద్దుండ్రి!"

"క్లోజ్ చేసిన నెలలమ్మా అవి. క్లయింటు సంతకాలు కూడా అయిపోయాయి. క్లోజ్ అయిన నెలను తెరవరండి, మీకు తెలియనిదేముంది?"

బల్ల మీద ఏదో ఒకటి విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. మెట్ల దగ్గరికి పోయి ఫోను చెవికి పెట్టుకున్నాను. అక్క అంతా విన్నట్టుంది.

"అక్కా, ఆ కంపెనీ నెంబరియ్యి. నేను మాట్లాడుత. జరిగిందంత నేను జెప్త వాళ్లకు."

"నువ్వెవరని జెప్తవే?" అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో, అలిసిపోయి ఉంది. "ఆఫీసు కాయితంల నా బావుల్ని లేపింది నువ్వే గదా."